నడక మనది, పేరు మాత్రది

సంక్రాంతి అరిసెలు అరగకముందే మొదలైంది. ఫోన్ తెరిస్తే చాలు, ‘ప్రకృతి ఒజెంపిక్’. సూది అక్కర్లేదట, డాక్టరు చీటీ అక్కర్లేదట, పొద్దున రెండు, రాత్రి రెండు మింగితే పొట్ట మాయమట. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే సూదులు మన మందుల షాపుల్లోకి దిగాక ఈ క్యాప్సూళ్ల వాళ్లకి ఎక్కడలేని ఊపొచ్చింది. సూది ధర విని గుండె జారినవాళ్లంతా తమ గుమ్మంలోకే వస్తారని వాళ్ల లెక్క. అందుకే మానుపసుపులో ఉండే బెర్బెరిన్‌ని సీసాకెక్కించి, ఒజెంపిక్, వెగోవీ సూదుల్లో ఉండే సెమాగ్లూటైడ్‌తో చుట్టరికం కలిపేస్తున్నారు. ఆ రెండింటికీ నాకు కనబడే సంబంధం ఒక్కటే, రెండూ డబ్బులకి దొరుకుతాయి.

వీటన్నిటిలోకీ నాకు ముద్దొచ్చేది సీసా వెనక రాసే వాక్యం. ముందు వైపు చూడండి: మంటలు, సన్నటి నడుము, ‘30 రోజుల్లో’ అని బొటనవేలంత అంకె. సీసా తిప్పండి. పదార్థాల జాబితాకీ బార్‌కోడ్‌కీ మధ్య, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో: ‘సమతులాహారం, క్రమం తప్పని వ్యాయామంతో పాటు వాడితే మెరుగైన ఫలితాలు.’

ఆహా! అంటే ఏమిటి? పొద్దున్నే లేచి గంట నడవాలి. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకోవాలి. టీలో చక్కెర బంద్. మిరపకాయ బజ్జీల బండి పక్కనుంచి పోతున్నప్పుడు ముఖం అటు తిప్పుకోవాలి. పెళ్లి భోజనంలో బూరెలు వడ్డించేవాడు రాగానే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. ఇంత తపస్సూ మీరు చేస్తే, అప్పుడు క్యాప్సూల్ పనిచేస్తుంది. ఇవన్నీ చేశాక క్యాప్సూల్ లేకపోయినా పనవుతుంది కదా అని అడగకూడదు. అడిగితే మీది నెగెటివ్ మైండ్‌సెట్.

ప్రతి పెళ్లిలోనూ ఒక పెద్దమనిషి ఉంటాడు. పందిరి వేసేటప్పుడు కనబడడు, కూరలు తరిగేటప్పుడు కనబడడు. అప్పగింతలయ్యాక కండువా సర్దుకుని ‘అంతా నేనే దగ్గరుండి చేయించాను’ అంటాడు. ఈ మాత్ర ఆ బాపతు. పైగా తగ్గితే మాత్ర మహిమ, తగ్గకపోతే మీ బద్ధకం. ‘మీరు డైట్ పాటించలేదు మేడమ్’ అంటారు. పాటించి ఉంటే నీ దగ్గరికెందుకొస్తుంది నాయనా?

ఇది నా కడుపుమంట మాత్రమే అనుకోకండి. గార్సీనియా అని ఒకటుంది, ప్రతి రెండో సీసాలోనూ అదే. 1998లో ‘జామా’ వైద్య పత్రికలో దాని బండారం అచ్చయింది. 135 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకి గార్సీనియా, మరో జట్టుకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండు జట్లకీ ఒకే తిండి, పీచు ఎక్కువ, కేలరీలు తక్కువ. 12 వారాలకి గార్సీనియా జట్టు సగటున 3.2 కిలోలు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర జట్టు 4.1 కిలోలు తగ్గింది! ఆ తేడాని పట్టించుకోనక్కర్లేదని పరిశోధకులే అన్నారు, సరే, నేనూ పట్టించుకోను. ఇద్దర్నీ తగ్గించింది తిండే. ఇంతకీ ఆ గార్సీనియా ఎవరో కాదు, కేరళ వాళ్లు చేపల పులుసులో వేసుకునే కుడంపులి. తరతరాలుగా తింటున్నారు. మరి కేరళలో లావుపాటి వాళ్లే లేరా?

గ్రీన్ కాఫీది ఇంకో కథ. బెంగళూరులో 16 మంది మీద చేసిన ప్రయోగం చూపించి అమెరికాని ఊపేశారు. అంకెలు అటూ ఇటూ మార్చారని తేలాక 2014లో ఆ పత్రం వెనక్కి పోయింది, చేయించిన కంపెనీ 35 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. టీవీలో దాన్ని ఆకాశానికెత్తిన డాక్టర్ ఆజ్ సెనెట్‌లో చీవాట్లు తిని, ఇప్పుడు అక్కడి ప్రభుత్వ వైద్యబీమా మెడికేర్ నడిపే సంస్థకి అధిపతి అయ్యాడు. యాపిల్ సిడార్ వెనిగర్ తాగితే బరువు తగ్గుతుందన్న పత్రం కూడా 2025లో వెనక్కి పోయింది. సీసాలు మాత్రం షాపులోంచి కదల్లేదు.

మా కాలనీ పార్కు గేటు దగ్గర పొద్దున్నే ఒక కుర్రాడు బరువు తగ్గించే షేక్ డబ్బాలతో బల్ల వేస్తాడు. చేతికి రెండు పిడులున్న మెషిన్ ఇచ్చి, ‘మీ బాడీ ఏజ్ 71 అంకుల్’ అని దిగులుగా చెబుతాడు. ఒంట్లో నీళ్లు ఎక్కువా తక్కువా అయితే దాని లెక్క మారిపోతుందని చెప్పడు. మొన్న నా వెనక నిలబడ్డావిడ అడిగింది, ‘బీపీ మాత్రలు వేసుకుంటాను బాబూ, ఇది తాగొచ్చా?’ అని. ‘తాగండి ఆంటీ, అంతా న్యాచురల్!’

న్యాచురలట! గన్నేరుపప్పు న్యాచురల్ కాదా? 2009 నాటికి అమెరికాలో హైడ్రాక్సీకట్ అనే బరువు తగ్గించే మాత్రలు వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 23 వచ్చాయి, ఒకరు చచ్చిపోయారు. బరువు తగ్గించే మందు సిబుట్రమిన్ గుండెకి ముప్పని మన దేశం 2011లో నిషేధించింది. ‘మూలికలు మాత్రమే’ అని రాసిన మాత్రల్లో దాన్నే దొంగచాటుగా కలిపి అమ్ముతుంటే అమెరికా ఎఫ్‌డీఏ ఏళ్ల తరబడి పట్టుకుంటూనే ఉంది. బీపీ ఉన్న మనిషికి అలాంటిది పడితే ఎవడిది పూచీ? ఆ కుర్రాడిదా, గొలుసు అమ్మకాల్లో వాడి పైనున్న ‘అప్‌లైన్’దా? వీళ్ల గురి ఎవరి మీదో చూశారా? కాన్పు తర్వాత ఒళ్లొచ్చిన పిల్ల. థైరాయిడ్‌తో సతమతమయ్యే ఆడమనిషి. ‘ఏమిటే ఇలా అయిపోయావు’ అని చుట్టాలు అన్న మాట పట్టుకుని, ఆ సిగ్గు మీద డబ్బు దండుకుంటున్నారు. ఇది వ్యాపారం కాదు, దగా.

గవర్నమెంట్ అప్రూవ్డ్ అని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు చూపిస్తారు. ఆ నంబరు కారప్పొడి ప్యాకెట్ మీదా ఉంటుంది, అంతమాత్రాన కారప్పొడి పొట్ట తగ్గించదు. మందుతో స్థూలకాయం తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అందుకని ఇది మందు కాదు, ఆహారం. ‘మందుగా వాడరాదు’ అని సీసా మీద వాళ్లే రాస్తారు. కొనేవాడి ముందు మందు, ఇన్‌స్పెక్టర్ ముందు ఆహారం.

సూదుల్ని నేనేం నెత్తిన పెట్టుకోవడం లేదు. కానీ సెమాగ్లూటైడ్ వాళ్లు లెక్క చూపించారు: 68 వారాలకి బరువులో సుమారు 15 శాతం తగ్గుదల, ఉత్తుత్తి సూది జట్టుకి 2.4. వాంతులూ వికారాలూ దాచలేదు. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వొద్దన్నారు. మాత్రల వాళ్లని లెక్క అడిగితే, పక్కింటి వాళ్ల ‘ముందు, తర్వాత’ ఫొటోలు వాట్సాప్ చేస్తారు.

ఇది అచ్చయ్యాక ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని తెలుసు. ‘సార్, మీరు మా షేక్ ఒక్కసారి రుచి చూడండి’ అంటారు. చూశానండీ. బాగానే ఉంది. అందులో పోసిన పాలు మావే.