చేతులు ఖాళీ చేసుకుని ఏం చేస్తారట?

ఇప్పుడు పెట్టె లాగడానికి చెయ్యి కూడా అడ్డమొస్తోందట. చక్రాలు వచ్చాయి, బాగుంది. రెండు పోయి నాలుగు వచ్చాయి, ఇంకా బాగుంది. వేలితో తోస్తే దొర్లుకుంటూ పోయే పెట్టెకు ఆ వేలు ఖర్చుపెట్టడం కూడా బరువై, నడుముకు బెల్టు బిగించి, దానికో కొక్కెం తగిలించి, పెట్టె పిడిని ఆ కొక్కేనికి కట్టుకుని నడుస్తున్నారు. వీపుసంచి పట్టీలకు తగిలించుకునే రకం ఒకటి. మనిషి వెనకాలే తనంతట తాను వచ్చే మోటారు పెట్టె మరొకటి. నడవడమే విసుగనుకునేవాళ్లకు ఎక్కి కూర్చుని నడిపే పెట్టె కూడా ఉందట. అన్నిటికీ కలిపి పేరు హ్యాండ్స్‌ఫ్రీ. ఆ మాట పలికేటప్పుడు మా మనవడి మొహం చూడాలి, చేతులకు స్వరాజ్యం వాడే తెచ్చిపెట్టాడని నమ్మకం.

మా రోజుల్లో ప్రయాణమంటే శాల్తీల లెక్క. రేకు ట్రంకు ఒకటి, హోల్డాలు ఒకటి, ఫలహారాల బుట్ట ఒకటి, మంచినీళ్ల మరచెంబు ఒకటి. అమ్మ గుమ్మం దాటేముందు ఓసారి, జట్కా దిగాక ఓసారి, రైలెక్కాక ఓసారి శాల్తీలు లెక్కపెట్టేది. పిల్లలం కూడా ఆ లెక్కలోనే. స్టేషన్లో బండి ఇంకా పూర్తిగా ఆగకముందే ఎర్రచొక్కాల వాళ్లు కిటికీ పక్కనే పరిగెత్తుకొచ్చేవారు. చేతికి ఇత్తడి బిళ్ళ. నాన్నగారు బేరం మొదలెట్టేవారు. "ఇంత బరువుకి ఆ డబ్బులేంటి బాబుగారూ, మీరే ఓసారి ఎత్తి చూడండి" అనేవాడతను. నాన్నగారు ఎప్పుడూ ఎత్తి చూసిన పాపాన పోలేదు. బేరం తెగాక మాత్రం మాతో అనేవారు: "బిళ్ళ నంబరు గుర్తుపెట్టుకోండర్రా."

ఇక అక్కడి నుంచి చూడాలి. అతను భుజం మీది గుడ్డ తీసి, మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుని గొంతుక్కూర్చునేవాడు. ఇద్దరు పట్టి ట్రంకును ఆ చుట్ట మీదికి ఎక్కించేవారు, దాని మీద హోల్డాలు. లేచి నిలబడి మెడను అటొకసారి ఇటొకసారి కొద్దిగా కదిపి, బరువు ఎక్కడ కుదిరిందో చూసుకుని, బుట్టను మోచేతికి తగిలించుకుని బయల్దేరేవాడు. మరచెంబు పట్టుకుని వెనకాల పరిగెత్తడం నా ఉద్యోగం. వంతెన మెట్లెక్కుతూ రెండు చేతులూ వదిలేసి, అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించుకున్నవాణ్ణి నా కళ్లతో చూశాను. ట్రంకు ఇసుమంత కదల్లేదు. అదండీ హ్యాండ్స్‌ఫ్రీ అంటే. కొక్కెం లేదు, బెల్టు లేదు, పేటెంటు అంతకన్నా లేదు.

స్టేషను దాకా ఎందుకు? గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, చంకన బిడ్డ, రెండో చేత్తో గేదె పలుపు పట్టుకుని చీకటి పడేలోగా ఇంటికొచ్చే ఆడవాళ్లు మా ఊళ్లో వీధికి పదిమంది. పెళ్లివారింటికి సారె కావిళ్ల మీద వెళ్లేది. బద్దకు రెండు కొసలా ఉట్లు, ఉట్లలో అరిసెల బుట్టలు, భుజం మార్చుకుంటూ కోసులకు కోసులు నడిచేవారు. నడుముకు కట్టుకోవడమే గొప్పనుకుంటే గీత కార్మికుణ్ణి చూడమనండి. నడుముకు ముస్తాదు, దానికి కత్తులు, లొట్టి. ఒంటినీ చెట్టునూ కలిపి పట్టే మోకు. మట్ట దగ్గర గెల చెక్కడానికి రెండు చేతులూ కావాలి కనక, తక్కిన బరువంతా నడుముకు అప్పగించాడు. చెయ్యి ఎందుకు ఖాళీ చేసుకున్నావని అతన్ని అడగక్కర్లేదు, పని కళ్లముందే కనిపిస్తుంది.

నెత్తిన మోయడం మొరటు పని అనేవాళ్లకు ఇంకో సంగతి. కెన్యాలోని లువో, కికుయు స్త్రీలు తలపైన బరువు పెట్టుకుని నడుస్తుంటే శాస్త్రవేత్తలు వాళ్ల శ్వాస కొలిచి చూశారు. తమ ఒంటి బరువులో ఐదోవంతు దాకా మోస్తున్నా, ఉత్తిగా నడిచినదానికన్నా ఎక్కువ శక్తి ఖర్చు కావడం లేదని తేలింది. 1986లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అయితే అది ఐదోవంతు సంగతి. మన స్టేషన్లలో కూలీ రేట్ల బోర్డు మీద నెత్తి బరువు 40 కిలోల దాకా అని రాసి ఉండేది. బక్కపలచటి మనిషి తన బరువులో మూడొంతులు నెత్తిన పెట్టుకుంటే ఏ నడక నేర్పూ కాపాడదు. నలభై ఏళ్లు దాటేసరికి మెడలు బిగుసుకుపోయి, తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవాళ్లను చూశాను. కాబట్టి ఆ రోజులు బంగారమని నేననను. నా చేతులు ఖాళీగా ఉన్నాయంటే ఇంకొకరి మెడ మీద బరువుంది, అంతే. చక్రాల పెట్టె వచ్చి ఆ మెడకు సుఖమిచ్చింది, కడుపుకు మాత్రం ఇవ్వలేదు. 2016 రైల్వే బడ్జెట్లో, కూలీ అనడం మానేసి సహాయక్ అనాలన్నారు. పేరు పెరిగింది, పిలిచేవాళ్లు తగ్గారు.

ఆ చక్రమైనా తొందరగా వచ్చిందా అంటే అదీ లేదు. మనిషి చంద్రుడి మీద నడిచొచ్చిన మరుసటి ఏడాది, 1970లో, అమెరికాలో సూట్‌కేసుల కంపెనీలో పనిచేసే బెర్నార్డ్ శాడో పెళ్లాం పిల్లలతో అరూబా దీవి నుంచి తిరిగొస్తూ రెండు పెద్ద పెట్టెలు మోయలేక ఆపసోపాలు పడుతున్నాడు. ఎయిర్‌పోర్టులో ఒక పనివాడు బరువైన యంత్రాన్ని చక్రాల బల్ల మీద పెట్టుకుని అవలీలగా తోసుకుపోతున్నాడు. అది కంటబడ్డాక, ఇంటికొచ్చి సూట్‌కేసుకు నాలుగు చక్రాలు బిగించి, ముందు ఒక పట్టీ కట్టి, కుక్కపిల్లను లాక్కెళ్లినట్టు లాగి చూశాడు. 1972లో పేటెంటు వచ్చింది. న్యూయార్కు దుకాణాలవాళ్లు మాత్రం మొదట వద్దుపొమ్మన్నారు. మగాడన్నవాడు పెట్టె మోస్తాడు గాని లాగుతాడా అని! చివరికి మేసీస్ అనే దుకాణంవాళ్లు తీసుకున్నారు. ఇప్పుడు మనం లాగే రకం, నిలువుగా లేపి, కింద రెండు చక్రాలు, పైన పొడుగయ్యే పిడి పెట్టినది 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ చేసింది. మొదట విమాన సిబ్బందే కొనుక్కున్నారు. వాళ్లు ఎయిర్‌పోర్టులో టకటకా లాక్కుపోతుంటే చూసి ప్రయాణికులు మనసుపడ్డారు.

అక్కడితో ఆగితే నాకే పేచీ లేదు. మనవడు నడుముకు పెట్టె కట్టుకుని నాతో స్టేషనుకు బయల్దేరిన రోజు చెబుతాను. మా వీధి చివర డ్రైనేజీకి తవ్వి, మళ్లీ పూడ్చిన చోట గతుకు. పెట్టె చక్రం అందులో దిగబడింది. చేత్తో లాగేవాడైతే ఆ కుదుపు మోచెయ్యి మింగేస్తుంది, లేదా పిడి వదిలేస్తాడు. వీడికి నడుము వెనక్కి గుంజింది, కాళ్లు ముందుకు పోయాయి. స్టేషను ముందు వాలులో దిగుతుంటే పెట్టె వచ్చి మడమల మీద కొట్టింది. తర్వాత వంతెన మెట్లు. అక్కడ హ్యాండ్స్‌ఫ్రీ కథ కంచికి పోయింది, కొక్కెం విప్పి రెండు చేతులతో ఎత్తుకున్నాడు. బెల్టు నడుముకు వేలాడుతూనే ఉంది.

"తాతయ్యా, ఇది ఎయిర్‌పోర్టుకైతే బాగుంటుంది" అన్నాడు.

"ఎయిర్‌పోర్టులో ట్రాలీ ఊరికే ఇస్తారు కదరా" అన్నాను.

ఇలా లాగే పెట్టెలు అటూఇటూ ఊగిపోవడం మీద కూడా పరిశోధన జరిగింది. ఫ్రాన్స్ భౌతికశాస్త్రవేత్తలు చేసిన ఆ పని 2017లో అచ్చయింది. రెండు చక్రాల పెట్టెను గబగబా లాగుతుంటే ఒక చక్రం దేనికో తగిలి లేచిందనుకోండి, కుడికీ ఎడమకీ ఊగడం మొదలెట్టి చివరికి బోర్లా పడుతుంది. నెమ్మదిస్తే ఊపు తగ్గుతుందనుకుంటాం. అది తప్పు, నడక ఇంకా పెంచాలట. కాదంటే పిడిని బాగా కిందికి దించి లాగాలట. చేత్తో లాగేవాడికి ఆ దించడం సులువే. నడుముకు కట్టుకున్నవాడు ప్లాట్‌ఫారం మీద గుంజీలు తీయాలి.

నవ్వులాట కాని సంగతొకటి ఉంది. చిన్న స్టేషన్లలో బండి రెండు నిమిషాలాగుతుంది. పెట్టె ముందు ఎక్కించాలా, మనిషి ముందు ఎక్కాలా అన్నది చెయ్యి క్షణంలో తేల్చుకుంటుంది. కదిలే బండి మెట్టు మీద కాలు పెట్టి, నడుముకు ఇరవై కిలోల పెట్టె కట్టుకుని ఉంటే, అది కిందికి లాగుతుందా మనిషి పైకి లాగుతాడా? ఎక్కేముందు విప్పండి అంటారు. విప్పడం గుర్తుండేవాడికి ఈ బెల్టు అక్కరే లేదు. దొంగతనం సంగతి సరేసరి. మా రోజుల్లో ట్రంకును బెర్తు కింద గొలుసుతో కట్టి, తాళంకప్ప వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పడుకునేవాళ్లం. ఇప్పుడు పెట్టె వీపు వెనక, చెవుల్లో పాట, కళ్లు ఫోనులో. వెనకవాడు జిప్పు తీసి చొక్కాలు మడతపెట్టుకుని పోయినా తెలియదు.

మోటారు పెట్టెల వైభవం ఇంకొకటి. యజమాని వెనకాల నడిచొచ్చే పెట్టెకు కెమెరాలు, సెన్సార్లు. ఎక్కి తిరిగే పెట్టె అయితే చాలా రకాలు ఖాళీగానే ఏడెనిమిది కిలోలు. మన దేశీయ విమానాల్లో చేతిపెట్టెకిచ్చేదే 7 కిలోలు. అంటే బట్టల పెట్టె కొనుక్కుని బట్టలు ఇంట్లో వదిలి వెళ్లాలి. లోపలిది లిథియం బ్యాటరీ కనక, చెకిన్‌లో వేయాలంటే దాన్ని ఊడదీసి చేత్తో విమానంలోకి తీసుకెళ్లాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి, 160 దాటితే ప్రయాణికుడు దాన్ని తీసుకెళ్లడానికే వీల్లేదు. ఊడిరాని బ్యాటరీ పెట్టెలను 2018 నుంచి అమెరికా విమాన సంస్థలు చెకిన్ సామానులో ఒప్పుకోవడం లేదు. 2024లో జపాన్‌లోని ఒసాకాలో ఒక విద్యార్థిని ఇలాంటి పెట్టెనెక్కి ఫుట్‌పాత్ మీద పోతుంటే, లైసెన్సు లేకుండా వాహనం నడిపిందని పోలీసులు కేసు పెట్టారు. ఇంక దీనికి ఆర్సీ బుక్కు, పొల్యూషన్ సర్టిఫికెట్టు కూడా కావాలంటారేమో.

నడుము బెల్టు ఎవరికీ అక్కర్లేదా అంటే, అక్కరున్నవాళ్లు లేకపోలేదు. మా కోడలు చంటిపిల్లాడితో ఒంటరిగా దోహాలో విమానం మారింది. భుజాన వాడు, ఒక చేత్తో పాలసీసాల సంచి, ఇంకో చేత్తో పెట్టె, పళ్ల మధ్య బోర్డింగ్ పాసు. అమెరికాలో దిగాక ట్రాలీ తీసుకుందామంటే చాలా ఎయిర్‌పోర్టుల్లో దానికి డబ్బు కట్టాలి, కార్డు తీయడానికి మళ్లీ చెయ్యి కావాలి. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, చేతికర్ర లేనిదే నడవలేని నాబోటివాళ్లు కూడా నున్నటి నేల మీద ఓ పట్టీ కట్టుకుంటే తప్పులేదు. నా గొడవల్లా తక్కినవాళ్లతో. సామాను బెల్టుకు అప్పగించగానే ఆ ఖాళీ చెయ్యి ఎక్కడికి పోతోందో చూడండి. నిలబడి ఉన్న ముసలమ్మ సంచి అందుకుంటోందా? పిల్లాడి వేలు పట్టుకుంటోందా? నేరుగా జేబులోకి పోయి ఫోను తీస్తోంది. రెండోది ఆ ఫోను తెర మీద ఎక్కి కూర్చుంటోంది. వెనక పెట్టె, ముందు స్తంభం, మధ్యలో మావాడు.

"నీకూ ఒక బెల్టు తెప్పించనా తాతయ్యా?" అని అడిగాడు మొన్న. మా స్టేషన్లో రెండో నంబరు ప్లాట్‌ఫారానికి ర్యాంపు వేయించి, లిఫ్టు తలుపు మీది 'మరమ్మతులో ఉంది' అన్న కాగితం చింపించాక తెప్పించమన్నాను.

వచ్చే నెల రాజమండ్రిలో పెళ్లి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లయ్యాయి. మా స్టేషన్లో మిగిలిన నలుగురైదుగురు ఎర్రచొక్కాల వాళ్లలో ఒకాయన నంబరు నా దగ్గరుంటే ఫోను చేశాను. శాల్తీలెన్నని అడిగాడు, చెప్పాను. బోగీ దగ్గరికే వస్తానన్నాడు, డబ్బులు ఫోన్‌పే చేసినా పర్లేదన్నాడు. ధర దగ్గర మాత్రం ఇంకా తెగలేదు, సాయంత్రం మళ్లీ చేస్తానన్నాను.