నాలుగు కౌంట్ లెన్సు

మా మావగారికి ఏ వస్తువైనా కిలోల్లో చెబితేనే అర్థమవుతుంది. గణపవరం నుంచి నిడమర్రు వెళ్లే దారిలో ఆయనకి ఒక చేపల చెరువు, ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. పెళ్లిచూపుల్లో నా జీతం కంటే ముందు నా బరువు అడిగిన మనిషి. అలాంటాయన ముందు, కొల్లేటి పక్షుల్ని ఫొటోలు తీసే పెద్ద లెన్సు పది లక్షల పైమాటేనని నోరు జారాను.

"బరువెంతుంటదండీ?"

"మూడు కిలోలుంటుందండి."

కళ్లు ఒక్కసారి మూసి తెరిచారు. "కిలో మూడు లక్షల పైచిలుకు. శీలావతి కిలో ఎంతకి పోతోందో తమకి తెలుసాండీ, అల్లుడుగారూ?"

తెలియదు. తెలిసినా చెప్పే పరిస్థితిలో లేను. వంటింట్లోంచి మా ఆవిడ గరిట చప్పుడు కూడా ఆగిపోయింది.

నా దగ్గరున్నది 50 మిల్లీమీటర్ల లెన్సు. 160 గ్రాములు, లోపల ఆరు గాజుముక్కలు. దాని మీద 1.8 అని రాసుంటుంది. అదే కంపెనీ, అదే 50లో 1.2 అని రాసున్నది ఇంకొకటి అమ్ముతుంది. 950 గ్రాములు, 15 గాజుముక్కలు, ధర దాదాపు పది రెట్లు. వెలుతురు మాత్రం రెండుంపావు రెట్లే ఎక్కువ వస్తుంది.

"అంకె తగ్గితే ధర పెరగడమేంటండీ? ఇదెక్కడి లెక్క?"

"మీ లెక్కేనండి. ముప్పై కౌంట్ రొయ్యకి ఎక్కువిస్తారా, వంద కౌంట్‌కా?"

ఆయన చేతిలో కాఫీ గ్లాసు గాల్లోనే ఆగింది. కిలోకి ముప్పై తూగే రొయ్యకీ వంద తూగే రొయ్యకీ తేడా ఆయనకి ఇంకొకళ్లు చెప్పాలా? లెన్సు మీద అంకె కూడా అంతే. లెన్సు పేరులోని మిల్లీమీటర్లని వెలుతురు దూరే కంత వెడల్పుతో భాగిస్తే వచ్చేది. నా 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్లు, కూల్‌డ్రింకు సీసా మూతంత. ఆ పది లక్షల లెన్సు 600, దాని కౌంట్ నాలుగు. అంటే 150 మిల్లీమీటర్లు. ముందు గాజు అన్నం పళ్లెంలో సగానికి వస్తుంది.

అప్పట్నుంచి మావగారు లెన్సుల్ని కౌంట్‌లోనే మాట్లాడుతున్నారు. 1966లో జైస్ కంపెనీ నాసా కోసం 0.7 లెన్సు పది చేసిందని, వాటిలో మూడు కొని కూబ్రిక్ అనే దర్శకుడు 'బారీ లిండన్' సినిమాలో కొవ్వొత్తి వెలుగులో సీన్లు తీశాడని చెప్పాను. "0.7 కౌంటా? అంటే ఒక్కో రొయ్య కిలోన్నర!" అని చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఎవరికో స్పష్టంగా తెలియలేదు.

కంత పెద్దది చేసినంత మాత్రాన సరిపోదు. తూము తలుపు పూర్తిగా ఎత్తితే నీళ్లతో పాటు గుర్రపుడెక్క కూడా వచ్చేస్తుంది. గాజు అంచుల దగ్గర వెలుతురు అడ్డదిడ్డంగా వంగుతుంది, రంగులు విడిపోతాయి. తెల్ల కొంగని తీస్తే రెక్క చుట్టూ ఊదారంగు జరీ అంచు కనబడుతుంది. కొంగకి పట్టుచీర మనం కట్టలేదు కదా! ఆ జరీ ఊడదీయడానికే ఈ ఖర్చంతా. కొన్నిటికి మామూలు గాజు పనికిరాదు, ఫ్లోరైట్ స్ఫటికం కావాలి. దాన్ని కొలిమిలో వారాల తరబడి నిదానంగా పెంచుతారు. కెనాన్ వాళ్లు 1969లో దాన్ని మామూలు కెమెరా లెన్సులోకి తెచ్చారు. ఫ్లోరైట్‌కి ఎండ వేడి గిట్టదు, అందుకే ఆ లెన్సులకి తెల్లరంగు. గొప్ప కోసం కాదు. గొప్ప కోసం కూడా అనుకోండి.

పైగా గాజు ఎక్కువైతే కమీషన్ ఎక్కువ. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా వందకి నాలుగు చొప్పున వెలుతురుని వెనక్కి తన్నేస్తుంది. అలాంటి ముఖాలు 18 ఉంటే, వంద బయల్దేరితే 48 చేరతాయి. చేపల లారీ గట్టు మీంచి బజారుకి చేరేలోపు ఏం జరుగుతుందో తెలిసిన మావగారు దీనికి నవ్వలేదు. ఆ కమీషన్‌ని అరశాతం కిందికి దించే పూతలకి డబ్బు. ఇంత చేసి అమ్ముడయ్యేవి కొన్నే కాబట్టి, ఖర్చంతా ఆ కొద్దిమంది నెత్తినే.

నా లెన్సు విషయానికొస్తే, మన గాలిలో తేమకి బూజు పట్టింది. బియ్యం తేమ లాగుతుందని ఎవరో చెబితే బియ్యం డబ్బాలో పెట్టాను. బూజు అలాగే ఉంది, అదనంగా తవుడు చేరింది. ఇప్పుడు మా ఇంట్లో తీసిన ప్రతి ఫొటో సంక్రాంతి పొగమంచులో తీసినట్టే ఉంటుంది.

పోయిన శీతాకాలం మావగారు తనంతట తనే ఆటపాక వస్తానన్నారు. ఉప్పుటేరు దాటి కైకలూరు మీదుగా తెల్లారేసరికి చేరాం. గూడబాతులు గుంపులుగా కూర్చుని ఉన్నాయి. నా 50తో ఒకటి నొక్కాను. ఆకాశం, నీళ్లు, మధ్యలో నాలుగు చుక్కలు. వాటిలో ఒకటి తవుడు.

పక్కన ఒకాయన స్టాండు మీద తెల్ల లెన్సు పెట్టుకుని ఉన్నాడు. అదే 600, అదే నాలుగు. లక్ష రూపాయలకి కూడా 600 దొరుకుతుంది, కానీ దాని కౌంట్ 6.3. ఆ మసక వెలుతుర్లో దీనికంటే రెండున్నర రెట్లు తక్కువ తాగుతుంది, రెక్క విదిలిస్తే అలుక్కుపోతుంది. ఈ మాట మావగారికి చెబుతుండగానే ఆయన వెళ్లి "ఒక్కసారి చూడొచ్చాండీ?" అని అడిగేశారు. పాపం, ఆ పెద్దమనిషి పక్కకి జరిగాడు.

మావగారు చాలాసేపు వంగే ఉన్నారు. నడుం పట్టేసిందేమోనని దగ్గరికెళ్లాను.

"అల్లుడుగారూ," అన్నారు కన్ను తీయకుండా, "ఆ మూడోది ఉంది చూడండి, దాని సంచిలో ఉన్నది శీలావతండీ. కిలోం పావుంటది. మన చెరువుదే."

"అంత దూరం నుంచి ఎలా చెప్తారండీ?"

"మొప్ప దాకా కనపడతంటే!" ఈసారి తలెత్తి నావైపు చూశారు. "దీన్ని నెలవారీ కిస్తీల్లో ఇస్తారాండీ?"