హాలే విశాఖ, వంటిల్లే సీతంపేట

ఢిల్లీలో సంతకాలు అయిపోయాయి. 2025 అక్టోబరు 14, మంగళవారం నాడు గూగుల్ వారు మన విశాఖను వరించారు. అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్ డేటా సెంటరు, సముద్రం అడుగు నుంచి తీగలు వచ్చి ఒడ్డెక్కడానికి ఒక స్టేషను. విజయనగరంలో సిరిమాను తిరిగి అప్పటికి సరిగ్గా వారం. పైడితల్లమ్మ చల్లని చూపే అనుకుందామంటే, ఆ ఘనతకు ఢిల్లీ వేదిక మీద అప్పటికే పెద్ద వరస కనిపించింది. ఆ వారమంతా ఏ చానల్ పెట్టినా ఒకటే పాట: విశాఖ ఇక ప్రపంచ అనుసంధాన కేంద్రం, ఉత్తరాంధ్ర దశ తిరిగినట్టే.

ఆ ముక్క మా ఇంటి వెనక గదిలో కూర్చుని ఫోన్లో విన్నాను. అంటే సగం విన్నాను. ‘ఉత్తరాంధ్ర దశ’ దాకా వచ్చాక తెర మీద సుడి తిరగడం మొదలైంది. దశ తిరిగిందో లేదో గానీ సుడి మాత్రం చాలాసేపు తిరిగింది.

మాది విజయనగరంలో పాతకాలపు ఇల్లు. వీధి గది, హాలు, నడిమి గది, వెనక గది, వంటిల్లు, పెరడు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. గోడలు మూరెడు మందం. ఫైబర్ పెట్టె హాలులో ఉంది కాబట్టి హాలులో నాలుగు పాయింట్లూ ఉంటాయి. నడిమి గదిలో రెండు, వెనక గదిలో ఒకటి. వంటింట్లో పాయింట్లు లేవు, పోపు వాసన ఉంది.

కేబుల్ కుర్రాణ్ణి పిలిచాను. ఇల్లంతా ఫోను పట్టుకుని తిరిగొచ్చాడు.

“మెష్ ఏయించుకోండి బాబూ. మూడు డబ్బాల సెట్టు. ఒకటి ఈ పెట్టెకి తగిలిద్దాం. రెండోది నడిమి గదిలో, మూడోది వెనక గది గుమ్మం కాడ. మూడింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. మీరు ఫోను పట్టుకుని నడుస్తా ఉంటే ఏ డబ్బా దగ్గరైతే దానికి అదే మారిపోద్ది.”

“అసలు సిగ్నల్ లేనిది వంటింట్లో కదా. మూడోది అక్కడే పెట్టేస్తే?”

“అక్కడెడితే దానికే అందదు గదండీ, ఇంకేటి పంచుద్ది? ఉన్న కాడికీ లేని కాడికీ మధ్యన పెట్టాల.”

కుర్రాడికి విషయం తెలుసు. గోడలు మందం కాబట్టి డబ్బాల మధ్య తీగ లాగేస్తే అన్నిటికన్నా మేలన్నాడు. గాలిలోంచే అయితే, ఒకే రేడియోతో అటు అందుకుని ఇటు పంచాలి కాబట్టి ఒక్కో డబ్బా దాటేసరికి వేగం సగానికి పడుతుందన్నాడు. డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి విడిగా ఒక బ్యాండు ఉండే సెట్లు కూడా ఉన్నాయి, రేటు ఎక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ జోరుగా పోతుంది గానీ గోడ కనబడితే నీరసపడుతుంది. అట్టపెట్టె మీద వేసిన చదరపు అడుగులు గోడల్లేని ఇంటి లెక్క కనక నమ్మొద్దన్నాడు. డబ్బాను బీరువాలోనో టీవీ వెనకో దాచొద్దని కూడా చెప్పాడు.

అన్నీ నిజాలే. ఒకటే లోపం, అందులో విజన్ లేదు. ఇంటి నిండా చిన్న చిన్న డబ్బాలు పెట్టుకుంటూ పోతే వాటికి శంకుస్థాపన ఎలా చేస్తాం? వంటింటి గుమ్మం దగ్గర అరచేతంత డబ్బా పక్కన నిలబడి ఫొటో దిగితే ఎవరికి ఆనుతుంది? అందుకని కుర్రాణ్ణి పంపేసి ప్రభుత్వ పద్ధతిలో పోదామని నిర్ణయించాను. హాలులో ఎనిమిది యాంటెన్నాల మహా రూటరు ఒకటి ప్రతిష్ఠించాను. దానికి ఎర్ర రిబ్బను కట్టి మా ఆవిడ చేత కత్తిరింపించాను. మా హాలు ఇక ఈ వీధికంతటికీ అనుసంధాన కేంద్రమని ప్రకటించాను.

వెనక గదుల మాటేమిటని మా అబ్బాయి అడిగాడు. దానికీ ప్రభుత్వం దగ్గర ఎప్పటినుంచో అమల్లో ఉన్న సాంకేతికత ఉంది. సిగ్నల్ మనుషుల దగ్గరికి పోనక్కర్లేదు, మనుషులే సిగ్నల్ దగ్గరికి వస్తారు. డబ్బాలకు బదులు మనుషులు. వీళ్లకు కరెంటు అక్కర్లేదు, ప్లగ్గు అక్కర్లేదు, గ్యారంటీ కార్డు అంతకన్నా అక్కర్లేదు. కాళ్లుంటే చాలు. చెడిపోతే మార్చే ఖర్చు కూడా ఉండదు, వాళ్లే ఎక్కడో ఒకచోట కూలబడతారు.

ఆ పూటే ఇంట్లో ఉత్తర్వులు వెలువడ్డాయి. మొదటిది అమ్మకు. వంట చేసినట్టు రుజువుగా రోజుకు రెండు ఫొటోలు వంటింట్లోనే దిగాలి. ఉదయం పొయ్యి వెలిగించాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏ గదిలో దిగిందో ఫొటోలో నమోదై ఉండాలి. ఆ ఫొటో యాప్‌లోకి ఎక్కితేనే ఆ పూట వంట జరిగినట్టు లెక్క. ఉపాధి పనుల్లో హాజరు వేసేవాడిలా అబ్బాయిని మేట్‌గా నియమించాను. వాడి పని వంటింట్లో ఫొటో తీసి, హాలు దాకా పరిగెత్తి, ఎక్కించి, మధ్యాహ్నం మళ్లీ పరిగెత్తడం.

మొదటి రోజే ముఖం దగ్గర ఇబ్బంది వచ్చింది. అమ్మ ఆధార్ ఫొటోలో జుట్టు నల్లగా ఉంటుంది, కళ్లజోడు ఉండదు. ఫోను ఆవిణ్ణి పోల్చుకోలేదు. కళ్లు ఆర్పమంది. పోపు ఘాటుకు ఆవిడ అప్పటికే ఆర్పుతోంది. అలా కాదు, ఇంకోలా ఆర్పమంది. ఈలోగా పోపు మాడింది. మాడిన సంగతి నమోదు చేసే గడి యాప్‌లో లేదు.

వారం తిరగకుండా అవినీతి బయటపడింది. పరుగులు పెట్టలేక మా మేట్ గోడ మీద ఉన్న అమ్మ పాత ఫొటోకి ఫొటో తీసి ఎక్కించేస్తున్నాడు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఇలా ఫొటోకి ఫొటో తీస్తున్నారని ఉపాధి హామీ యాప్ గురించి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో సర్క్యులర్ పంపింది. ఎక్కిన ఫొటోలన్నీ పంచాయతీలో మనుషులే నూటికి నూరు సరిచూడాలంది. అంటే మనుషుల్ని నమ్మలేక యాప్ పెట్టారు, యాప్‌ను నమ్మలేక మళ్లీ మనుషుల్ని పెట్టారు. నేనూ అదే దారిలో నడిచి ఆ పని మా ఆవిడకు అప్పగించాను. ఆవిడ టీచరు. ముఖం చూపించి హాజరు వేసుకునే విద్యలో అనుభవం ఉంది కాబట్టి ఏమీ అనలేదు. అనలేదు గానీ, నన్ను ఒక చూపు చూసింది.

వెనక గది సంగతి వేరు. అక్కడికి మా రూటరు కన్నా పక్కింటి వాళ్ల వైఫై బాగా అందుతుంది. దానికి కొఠియా అని పేరు పెట్టాను. సాలూరు పైన కొఠియా ఊళ్లు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా కొన్ని దశాబ్దాలుగా తగువులాడుతున్నాయి. వెనక గది నాదేనని నేనూ గట్టిగా ప్రకటించాను. సిగ్నల్ మాత్రం ఇవ్వలేదు. హక్కు వేరు, సౌకర్యం వేరు.

పథకం ఎలా నడుస్తోందో తెలియాలి కనక హాలులో డ్యాష్‌బోర్డు పెట్టాను. వేగం కొలిచేది హాలులోనే కాబట్టి ఇంటి సగటు వేగం బ్రహ్మాండంగా వచ్చింది. ఫిర్యాదులకు ఆన్‌లైన్ ఫారం కూడా తెరిచాను. నడిమి గది నుంచి రెండు ఫిర్యాదులు వచ్చాయి. వంటింటి నుంచి ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు. సిగ్నల్ బొత్తిగా లేని గదే అందరికన్నా తృప్తిగా ఉందని డ్యాష్‌బోర్డు తేల్చింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలను హాలులోనే కూర్చోబెట్టి, హాలులోనే టీ ఇచ్చి, వీధి గుమ్మంలోంచి పంపించాను.

చివరికి ఒకనాడు మధ్యాహ్నం ఫొటో ఎక్కలేదు. అబ్బాయికి పరీక్ష. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర కడుపునిండా తిన్నాక రికార్డు చూసి, ఈ పూట వంట జరగలేదు కాబట్టి కూరగాయల డబ్బు ఇవ్వడం కుదరదని అమ్మకు చెప్పాను.

“ఏట్రా? కూసోబెట్టి ఒడ్డించాను. వంకాయ బాగుందన్నావు. నీ చెయ్యింకా తడారలేదు. పోటో ఎక్కలేదని నాను వండలేదంటావేటి?”

అధికారులు ఇచ్చే జవాబే నేనూ ఇచ్చాను. “ఆఫ్‌లైన్ సౌకర్యం ఉందమ్మా. సిగ్నల్ లేనప్పుడు తీసి ఉంచుకుని, ఉన్నచోటికి వెళ్లాక ఎక్కించుకోవచ్చు.”

“ఎవులెల్తారు?” అంది అమ్మ.

ఇంత విజన్‌లోనూ లేని జవాబు అదొక్కటే. ఎవరు వెళ్తారు?

మా ఇంట్లో హాలుకూ వంటింటికీ మధ్య ఉన్నవి మూడు గుమ్మాలు. కొమరాడలో, గుమ్మలక్ష్మీపురంలో, సీతంపేట ఏజెన్సీలో, మందస మీద మహేంద్రగిరి వైపు గూడేల్లో మధ్యన ఉన్నవి కొండలు. ఉపాధి పనికి ఫొటో హాజరు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు, రోజుకు రెండుసార్లు. మట్టి తవ్వడం అయిపోయినా, గట్టు కళ్లెదట కనబడుతున్నా, ఫొటో ఎక్కకపోతే ఆ రోజు ఆ మనిషి అక్కడ లేనట్టే. చాలదన్నట్టు 2025లో జాబ్‌కార్డు ఉన్నవాళ్లంతా ముఖం చూపించి ఈ-కేవైసీ చేయించుకోవాలన్నారు. అంగన్‌వాడీలో గర్భిణికి ఇంటికిచ్చే పౌష్టికాహారానికి 2025 జులై 1 నుంచి ముఖం గుర్తింపు తప్పనిసరి. కిట్టు బల్ల మీద ఉంటుంది, ఆవిడ ఎదురుగా నిలబడి ఉంటుంది, కడుపు కనబడుతూ ఉంటుంది. ఎవరు వచ్చారో పుట్టినప్పటినుంచీ ఎరిగిన అంగన్‌వాడీ టీచరు ఆ కిట్టు అందించడానికి టవర్ అనుమతి కోసం ఫోను పైకెత్తి వాకిట్లో తిరుగుతుంది. రేషన్ మిషన్ పట్టుకుని గట్టెక్కిన డీలరు, వెనకాలే సంచులతో ఎక్కిన ముసలివాళ్లు మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు పడ్డారో లెక్క లేదు. ఆ ఫొటో చూసి మనం ఎప్పుడో నవ్వడం మానేశాం, సిగ్గుపడడం మాత్రం మొదలుపెట్టలేదు.

తీగ కొండెక్కలేదని కుంటిసాకు చెప్పొద్దు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో రాష్ట్రపతి చేత ఫైబర్‌నెట్ ప్రారంభింపజేశారు. కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టూ టీవీ ఫోనూ అన్నారు. తీగ పోలేని చోట్లకు కాంతి కిరణాలతో ఇంటర్నెట్ పంపే పెట్టెలు 2,000 తెస్తామని అదే నెలలో చెప్పారు. ఆ పెట్టెలు ఎవరివి? గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు చెందిన ఎక్స్ వాళ్లవి. సరిగ్గా మా కేబుల్ కుర్రాడు చెప్పిన మెష్ అది: ఉన్న కాడికీ లేని కాడికీ మధ్యన పెట్టాల్సిన డబ్బాలు. ఎనిమిదేళ్లు గడిచాయి. గూగుల్ మళ్లీ వచ్చింది. ఈసారి డబ్బాల ఊసు లేదు, నేరుగా మహా రూటరే. మధ్యన పెట్టాల్సిన డబ్బాల చోట మేట్ నిలబడ్డాడు, అంగన్‌వాడీ టీచరు నిలబడింది, డీలరు నిలబడ్డాడు. వాళ్ల కాళ్లే మన బ్యాండ్‌విడ్త్.

డేటా సెంటరు రానివ్వండి, ఎవరూ అడ్డం రారు. కానీ ఉపాధి హామీ చట్టం 2005లో చేసింది పార్లమెంటు. పని చేసిన మనిషికి కూలి పక్షం రోజులు దాటకుండా ఇచ్చి తీరాలని అందులో రాశారు. టవర్ ఉంటే ఇవ్వాలని రాయలేదు. నాలుగు పాయింట్లు ఉన్నచోట ఇవ్వాలని రాయలేదు. ఆ చట్టంలో లేని షరతును ఒక యాప్ పెట్టింది, ఆ యాప్ పనిచేయడానికి కావాల్సిన సిగ్నల్ ఇచ్చే పూచీ మాత్రం ఎవరికీ లేదు. చెమటోడ్చినవాడు నిజం చెబుతున్నాడని రుజువు చేసుకోవాలి, టవర్ వేయనివాడు ఏదీ రుజువు చేసుకోనక్కర్లేదు. దీన్ని సాంకేతికత అనకండి. కూలి ఎగ్గొట్టడం అనండి.

ఢిల్లీలో ఒకే వేదిక ఎక్కి కరచాలనం చేసుకున్న రెండు ప్రభుత్వాలూ కలిసి చేయగల పని ఒకటుంది. సిగ్నల్ లేని ఊళ్లో కాగితం మస్టరే చెల్లుతుందని, ముఖం ఎక్కకపోయినా అంగన్‌వాడీ టీచరు సంతకంతో తిండి ఇవ్వాలని ఒక్క పేరా ఉత్తర్వు. దానికి 15 బిలియన్ డాలర్లు అక్కర్లేదు, సముద్రం అడుగున తీగ కూడా అక్కర్లేదు. అదీ చేతకాదంటే యాప్ నియమం అందరికీ సమానంగా పెట్టండి. టవర్ లేని గూడెంలో ఫొటో ఎక్కని రోజున కూలి మనిషి డబ్బుతో పాటు, టవర్ వేయించాల్సిన అధికారి ఆ రోజు జీతం కూడా ఆపండి. నెల తిరిగేసరికి ఏ కొండకైనా సిగ్నల్ వస్తుంది.