ఎలక్ట్రిక్ స్నో బ్లోయర్ వ్రత విధానం

అమెరికాలో నేపర్‌విల్ కానీ, వెస్ట్‌బరో కానీ, ఎడిసన్ కానీ, స్నో బ్లోయర్ కొన్న తెలుగింట్లో ఒక నమ్మకం బలంగా ఉంటుంది: యంత్రం కొన్నాం కనక డ్రైవ్‌వే సగం శుభ్రమైపోయినట్టే. బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ దింపించిన రోజున కూడా ఇంటిల్లిపాదికీ కాస్త బరువు తగ్గినట్టే అనిపించింది. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. మిగతా సగం పని కూడా దానంతటదే అయిపోతుందని ఎదురుచూసే గృహస్థుల కోసం ఈ విధానం.

సంకల్పం

యంత్రం ముందుగా కొనకూడదు. బ్లాక్ ఫ్రైడే డీల్ వచ్చేదాకా ఆగాలి. స్నో కూడా అందాకా ఆగుతుందన్న భరోసా మాత్రం ఎవరూ ఇవ్వరు. 2022లో థాంక్స్‌గివింగ్‌కు వారం ముందే బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్క్‌లో నాలుగు రోజుల తుఫానులో దాదాపు 80 అంగుళాలు పడింది. డీల్ ఆ తర్వాత వచ్చింది.

తుఫాను హెచ్చరికలు మొదలై, దుకాణాల్లో సరుకు అయిపోయాక, వాట్సాప్ గ్రూపులో "అన్నా, ఏది మంచిది?" అని అడగండి. పదిమంది పది రకాలుగా చెబుతారు. అన్నిటికంటే పొడుగు జవాబు, స్నో ఎప్పుడోగాని పడని డల్లాస్ నుంచి వస్తుంది.

వైరుదా, బ్యాటరీదా?

వైరుది చవక. 15 ఆంపియర్ల, 120 వోల్టుల ప్లగ్గు నుంచి 1800 వాట్లకు మించి రాదు. ఆ వచ్చేది కూడా మోటారుదాకా చేరకూడదనుకుంటే దీపావళికి సీరియల్ లైట్లు వెలిగించిన సన్న ఎక్స్‌టెన్షన్ వైరే తగిలించండి. వైరు వేడెక్కుతుంది, మోటారు మూలుగుతుంది. మలుపు దగ్గర కాస్త ఏమరుపాటుగా ఉంటే యంత్రం తన వైరు తానే మింగేస్తుంది.

బ్యాటరీదైతే బ్యాటరీని చలికాలమంతా గరాజ్‌లోనే పడేయండి. లిథియం అయాన్ బ్యాటరీకి చలిలో సత్తువ తగ్గిపోతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని పాడవుతుంది కూడా. అందుకే బుద్ధి ఉన్న ఛార్జరు మొరాయిస్తుంది. తెల్లవారుజామున ఆఫీసు మీటింగు ముందు, జాకెట్టూ టోపీ వేసుకుని వచ్చిన యజమాని దాని ఎర్రదీపం చూస్తూ నిలబడతాడు. తెలిసినవాళ్లు ఆ బ్యాటరీని ఇంట్లో, ప్యాంట్రీలో, బియ్యం బస్తాకూ ఆవకాయ జాడీకీ మధ్య పెట్టుకుంటారు. "ఇదేం చోటండీ దీనికి?" అన్న మాట రోజూ పడాల్సి వస్తుంది, అది వేరే సంగతి.

పెట్టె మీద రాసిన నిమిషాలు నమ్మాలనుకునేవారు లెక్క జోలికి పోకూడదు. 56 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అంటే 280 వాట్-అవర్లు. అలాంటివి రెండుంటే 560. మోటారు వెయ్యి వాట్లు లాగితే అరగంటకు కాస్త పైన.

ముహూర్తం

ఈ వ్రతానికి ప్రాణం ఇదే: స్నో పూర్తిగా ఆగేదాకా బయటికి వెళ్లకూడదు. "పడుతుండగా తీయడం దండగ, ఆగాక ఒకేసారి లాగించేద్దాం" అని సోఫాలో కూర్చుని టీ తాగాలి. చెన్నైలో ఉన్న అన్నయ్య ఫోన్‌చేసి "ఎన్ని ఇంచులురా?" అని అడిగితే కిటికీలోంచి వీడియో తీసి పంపాలి.

ఈలోగా బయట జరుగుతున్నదానికి లెక్క ఉంది. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు డ్రైవ్‌వే మీద 6 అంగుళాల స్నో పడిందనుకుందాం. పది అంగుళాల స్నో కరిగితే ఒక అంగుళం నీరని ఉజ్జాయింపు. ఆ ప్రకారం గుమ్మం ముందున్నది 2,500 పౌండ్లు, అంటే టన్నుకు పైమాటే. తడి స్నో అయితే దానికి రెట్టింపు. మామూలు సింగిల్ స్టేజ్ ఎలక్ట్రిక్ యంత్రం ఆరేడు అంగుళాల దాకా హుషారుగా పనిచేస్తుంది. సోఫా మీద టీ అయ్యేసరికి బయట పద్నాలుగు.

అప్పుడు వస్తుంది ప్లౌ ట్రక్కు. ఇది నెట్టే బండి. రోడ్ల మీది స్నోను విసిరేసే యంత్రం వేరు, దాన్ని 1925లో క్యూబెక్‌లో ఆర్థర్ సికార్డ్ తయారుచేశాడు. పొలంలో నూర్పిడి యంత్రాన్ని చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. 1927లో మాంట్రియల్ పక్కనున్న ఊట్రమాన్ ఆయన దగ్గర ఒకటి కొంది. సికార్డ్ యంత్రం స్నోను లాక్కుని దూరంగానో లారీలోకో పోసేది. శివారు కాలనీల ప్లౌ ట్రక్కులకు అంత ఓపిక లేదు, పక్కకు నెట్టుకుంటూ పోతాయి. ఆ పక్క అంటే మన డ్రైవ్‌వే నోరు. రోడ్డు మీది ఉప్పూ, బురదా, మంచుగడ్డలూ అన్నీ కలిసి మోకాలెత్తు గట్టు కట్టి, గంటలో గట్టిపడతాయి. రబ్బరు రెక్కల చిన్న యంత్రం దాని ముందు గిర్రున తిరుగుతుంది, రాపాడుతుంది, ముందుకు మాత్రం పోదు. అప్పుడు గరాజ్ మూలనున్న పాత పార బయటికొస్తుంది. ఊరి నుంచి వచ్చిన నాన్నగారు కిటికీ దగ్గర నిలబడి "ఎదురింటాయన పొద్దున్నే తీసేశాడు కదరా" అంటారు. ఆయన చెప్పింది నిజమే. ఎదురింటాయన మూడేసి అంగుళాలకోసారి, పడుతుండగానే తీశాడు.

ఇక్కడ వేళాకోళం కాసేపు ఆపాలి. క్యూబెక్ ఆసుపత్రుల రికార్డుల మీద చేసిన ఒక అధ్యయనం 2017లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. 20 సెంటీమీటర్ల స్నో పడిన మర్నాడు, స్నో పడని రోజుతో పోలిస్తే, మగవాళ్లు గుండెపోటుతో చనిపోయే అవకాశం 34 శాతం ఎక్కువని అందులో తేలింది. ఆడవాళ్లలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. పారపని మగవాళ్లే ఎక్కువగా చేయడం కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు. వారమంతా కుర్చీలో కూర్చుని, నలభై దాటి, షుగరూ బీపీ మాత్రలు వేసుకుంటూ, ఒక్క పొద్దున టన్ను బరువు ఎత్తబోయేవాళ్లు మన గ్రూపుల్లో ఎంతమందో ఎవరికివారు చూసుకోవచ్చు. యంత్రం కొన్నది ఈ బరువు తప్పించుకోవడానికి. ఆలస్యం దాన్ని తిరిగి పార చేతికి అప్పగిస్తుంది.

చిన్న నియమాలు

ముందురోజు డ్రైవ్‌వే మీద న్యూస్‌పేపరు, పిల్లల బంతి, గుమ్మం పట్టా అలాగే వదిలేయండి. యంత్రమే వెతికిపెడుతుంది.

స్నోను రోడ్డు మీదికి విసరండి. చాలా ఊళ్లలో అది జరిమానా వ్యవహారం, పోలీసులతో పరిచయం ఏర్పడుతుంది.

గాలికి ఎదురుగా విసిరితే ముఖం కడుక్కునే పని తప్పుతుంది.

స్నో బయటికొచ్చే గొట్టంలో, అంటే చ్యూట్‌లో, స్నో ఇరుక్కుంటే చేయి పెట్టి లాగండి, అని సరదాకి కూడా రాయకూడదు. ఎలక్ట్రిక్ యంత్రం చప్పుడు చేయకుండా ఆగి ఉంటుంది కనక చచ్చిందనిపిస్తుంది, చావదు. అమెరికాలో చేతి శస్త్రచికిత్స చేసే వైద్యుల సంఘం దీని గురించే హెచ్చరిస్తూ ఉంటుంది. గ్లవ్ వేసుకున్నా వేళ్లు పోతాయి. బ్యాటరీ ఊడదీసి, లేదా ప్లగ్గు పీకి, అప్పుడు పుల్లతో తీయాలి. ఆ పుల్ల యంత్రంతోనే వస్తుంది. ఉప్మా గరిటంత ప్లాస్టిక్కు ముక్క, వెనక క్లిప్పుకు తగిలించి ఉంటుంది. చాలా ఇళ్లలో అది ఇంకా ఆ క్లిప్పులోనే, ఫ్యాక్టరీలో ఎలా బిగించారో అలాగే ఉంది.

ఉద్యాపన

ఏప్రిల్‌లో యంత్రాన్ని తుడిచి, బ్యాటరీ సగం ఛార్జితో ఇంట్లో దాచుకునేవాళ్లూ ఉన్నారు. మిగతావాళ్లు ఫొటో తీసి అమ్మకానికి పెడతారు: కొన్నది నిరుడే, వాడింది తక్కువే, అట్టపెట్టె కూడా ఉంది. అదే గ్రూపులో ఎవరో వెంటనే అడుగుతారు, "అన్నా, లాస్ట్ ప్రైస్ ఎంత?"