కాలేయంలో కొలువు

నా పేరు మిర్‌-122. మైక్రో ఆర్‌ఎన్‌ఏల వంశం మాది. నా ఒంటి పొడవు మొత్తం కలిపి సుమారు 22 ఆర్‌ఎన్‌ఏ అక్షరాలే. మనిషి డీఎన్‌ఏలో ప్రొటీన్ల తయారీకి పనికొచ్చే భాగం రెండు శాతం కూడా ఉండదు. మిగతాదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. నేను పుట్టింది ఆ చెత్త అన్నచోటే. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న పురుగులో మా వంశంవాణ్ని మొదటిసారి గుర్తించారు. అంతకుముందు మమ్మల్ని పట్టించుకున్న నాథుడే లేడు. వాళ్లకు 2024లో నోబెల్ వచ్చినప్పుడు మా పరువు నిలిచినట్టయింది.

నా కొలువు విజయవాడలో ఒక పెద్దమనిషి కాలేయంలో. అక్కడి మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో దాదాపు 70 శాతం మేమే. ఏ ప్రొటీన్ ఎంత తయారైతే చాలో చూసి, ఎక్కువైనచోట ఆపడం మా పని. కొవ్వు, కొలెస్ట్రాల్ వ్యవహారాలు మా చేతిమీదుగానే నడుస్తాయి. 2012లో శాస్త్రవేత్తలు ఎలుకల్లో నన్ను లేకుండా చేసి చూశారు. వాటి కాలేయాలు కొవ్వు పట్టి, వాచి, చివరికి క్యాన్సర్ దాకా వెళ్లాయి.

ఇంత చాకిరీ చేసినా మా యజమానికి దయ కలగలేదు. పూటపూటా కంచం నిండా తెల్లన్నం, పక్కన రెండు చెంచాల కూర, సాయంత్రం కూల్‌డ్రింకు, రోజంతా కుర్చీలోనే. ఖర్చుకాని చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చక ఏం చేస్తుంది? కణంలో కొవ్వు చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి ఉబ్బి, కేంద్రకాన్ని ఓ మూలకు నెట్టేశాయి. మేం నిలబడటానికి చోటు లేదు. స్కానింగులో 'ఫ్యాటీ లివర్' అని వచ్చింది.

"ఈసారైనా డాక్టరుగారికి చూపించుకోండి" అని భార్య బతిమాలింది.

"నొప్పేం లేదుగా! ఈ రోజుల్లో ఇది ఎవరికి లేదు చెప్పు?" అంటూ ఆయన రిపోర్టును సొరుగులో పడేశాడు.

ఆ తర్వాత నేనున్న కణం చితికిపోయింది. నేను రక్తంలోకి కొట్టుకొచ్చాను. ఈ జబ్బు ముదిరినవాళ్లలో మేం కాలేయంలో తగ్గిపోతాం, రక్తంలో పెరిగిపోతాం. పరిశోధకులు మమ్మల్ని రక్తంలో చూసి లోపలి నష్టాన్ని అంచనా వేస్తారు. మామూలు ల్యాబుల్లో మాకింకా పరీక్ష లేదు కాబట్టి ఆయనకు నా గొంతు వినపడదు. కొలువు పోయినందుకు కాదు, చెప్పాల్సిన కబురు చేరనందుకే నా ఏడుపు.

అయ్యా, నా తోబుట్టువులు ఇంకా లోపల పనిచేస్తూనే ఉన్నారు. సొరుగులోంచి ఆ రిపోర్టు తీయండి. అన్నం తగ్గించి కూర, పప్పు పెంచండి, రోజూ నడవండి. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి కొవ్వుతోపాటు వాపు కూడా తగ్గుతుంది. కాలేయం కోలుకోగలదు. మచ్చలు కట్టి గట్టిపడేదాకా మాత్రం దాన్ని వదిలేయకండి.