తొమ్మిదో ప్రశ్న తీసెయ్

అక్టోబరు 10 దగ్గరపడిందంటే మన యూనివర్సిటీల్లో మనశ్శాంతికి గిరాకీ పెరుగుతుంది. ఆ రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. సెమినార్ హాలు దొరకదు, దొరికితే మైకు పలకదు. పదిన్నరకి రావాల్సిన ముఖ్య అతిథి పన్నెండుకి వస్తారు. అందాకా పిల్లలంతా అటెండెన్స్ పోతుందన్న బెంగతో కుర్చీలకి అతుక్కుని కూర్చుంటారు. ఆయన వచ్చీ రాగానే చెప్పే మాట, బెంగలు పెట్టుకోకూడదని. తర్వాత శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. ఆ ఫొటోలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్న గొడవతో రెండు డిపార్ట్‌మెంట్లు ఆర్నెల్లపాటు మాట్లాడుకోవు.

వెనక వరుసలో జిరాక్స్ కట్టతో నిలబడ్డ అమ్మాయి రీసెర్చ్ స్కాలర్. టాపిక్ ‘విద్యార్థుల్లో ఒత్తిడి, మానసిక శ్రేయస్సు’. ఆమెకి ఇవాళ పండగ. కావాల్సిన శాంపిల్ అంతా ఒకే హాల్లో, తలుపులు వేసి మరీ దొరికింది. పోయిన నెల గూగుల్ ఫామ్ లింకు పంపితే చిన్నాన్న కూతురు, హాస్టల్ రూమ్మేట్లు, రూమ్మేట్ల తమ్ముళ్లు నింపారు. ‘అన్నా, ఇంకో నలభై తక్కువయ్యాయి, మళ్లీ ఒకసారి నింపవా’ అని బతిమాలితే ఒకే అన్న నాలుగు రకాల మనఃస్థితుల్లో నింపి పెట్టాడు.

ఆమె చేతిలో కాగితం పేరు పీహెచ్‌క్యూ-9. అమెరికా డాక్టర్లు తయారుచేసింది. అది కుంగుబాటును సరిగ్గా పట్టుకుంటుందని 2001లో నిరూపించారు, అప్పటినుంచీ ప్రపంచమంతా వాడుతోంది. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పదీ, ఆపైనా వస్తే ఆ మనిషిని కూర్చోబెట్టి ఇంకా వివరంగా అడగాలి. పనిముట్టు మంచిదే. అవతలి కుర్చీలో మనిషి, ఇవతలి కుర్చీలో డాక్టరు ఉన్నచోట ఇంకా మంచిది. హాల్లో పంచిపెడితే మాత్రం మూడో వరుస కుర్రాడు పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి, ‘అయిదోదానికి ఏం పెట్టావురా?’ అని అడుగుతాడు. అయిదోది ఆకలి గురించి.

మొదటి ఎనిమిదీ నిద్ర, నీరసం, దిగులు, ఆకలి, ధ్యాస నిలవకపోవడం వంటివి. తొమ్మిదోది వేరు. బతకాలనిపించకపోవడం గురించీ, తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించీ అడుగుతుంది. దానికి ఎవరైనా ‘దాదాపు ప్రతిరోజూ’ దగ్గర టిక్ పెడితే ఏం చేయాలి? కాగితం మీద పేరుండదు. పేరు అడగబోమని ఎథిక్స్ కమిటీకి మనమే రాసిచ్చాం. కట్ట విప్పి కంప్యూటర్లోకి ఎక్కించేది సంక్రాంతి సెలవుల్లో. అక్టోబరులో పెట్టిన టిక్ జనవరిలో ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో 3 అవుతుంది, వేసవికి శాతం అవుతుంది, వైవా నాటికి నాలుగో అధ్యాయంలో ఒక టేబుల్ అవుతుంది. ఆ టేబుల్ అలైన్‌మెంట్ బాగాలేదని ఎగ్జామినర్ గారు నొచ్చుకుంటారు. పెట్టిన పిల్లో పిల్లాడో ఈలోగా ఎక్కడున్నారో టేబుల్‌కి తెలీదు.

తెలిసినవాళ్లు దీనికో మార్గం చూశారు. తొమ్మిదో ప్రశ్న తీసేసిన కాగితానికి పీహెచ్‌క్యూ-8 అని పేరు పెట్టారు. నేనేం వేళాకోళం ఆడటం లేదు, అది నిజంగానే ఉంది. ఫోన్ సర్వేల్లో, జవాబు విన్న మనిషి వెంటనే ఆదుకునే వీల్లేని చోట వాడతారు. ఆదుకోలేనప్పుడు అడగకూడదని వాళ్ల వాదన, సబబైన వాదనే. మన క్యాంపస్‌కి వచ్చేసరికి ఆ వాదన ఇదిగో, ఇలా నడుస్తుంది:

‘ఏమ్మా, తొమ్మిదోది ఎందుకు ఉంచావ్?’

‘స్కేల్లో ఉంది సార్.’

‘ఎవరైనా ఎక్కువ పెడితే?’

‘కౌన్సెలర్ దగ్గరికి పంపాలి సార్.’

‘కౌన్సెలర్ ఎక్కడున్నాడు?’

‘పోస్టు ఉంది సార్.’

‘తీసెయ్.’

పోనీ, కాగితం అడుగున 14416 అని అచ్చు వేయించొచ్చు. టెలీ మానస్ నంబరు, కేంద్రం 2022లో, అదీ అక్టోబరు 10నే పెట్టింది. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ స్థలంలో మనవాళ్లు గైడ్ గారి డిగ్రీలు వేయిస్తారు. అవి ఒక లైనులో పట్టవు కనుక నంబరుకి చోటు చాలదు.

ఇంతకీ కాగితాలు పంచే ఆ అమ్మాయి సంగతి? ఆమెని ఎవరూ అడగరు, ఆమె శాంపిల్లో లేదు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చుంటే 2023 జనవరి నుంచి నెలకి 37,000 వచ్చేవి. రాలేదు. సెంట్రల్ యూనివర్సిటీలో ఉంటే నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. 2015లో ఢిల్లీలో పిల్లలు దానికోసమే యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించినప్పుడూ అది 8,000లే. పదేళ్లయినా కదల్లేదు. ఆమె ఉన్నది రాష్ట్ర యూనివర్సిటీలో, కాబట్టి అదీ లేదు. చాప్టర్ దిద్దించుకోవడానికి గైడ్ గారి గది బయట నిలబడుతుంది, వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ అడ్మిషన్ ఫారాలు నింపుతుంది, పెళ్లెప్పుడని ఫోన్ చేసే మేనత్తకి ‘సబ్మిషన్ అయ్యాక అత్తా’ అని చెబుతుంది. ఒత్తిడి మీద ఆమెకున్న ఫీల్డ్ అనుభవం డిపార్ట్‌మెంట్లో ఇంకెవరికీ లేదు.

ఇది మన ఒక్కరి బాగోతం అనుకుంటే పొరపాటు. 2017లో బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో చూస్తే పీహెచ్‌డీ చేసేవాళ్లలో మూడో వంతు మంది మానసిక రుగ్మత అంచున ఉన్నారని తేలింది. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో 26 దేశాల నుంచి 2,279 మందిని అడిగిన సర్వే వచ్చింది. మామూలు జనంతో పోలిస్తే పరిశోధక విద్యార్థుల్లో కుంగుబాటు, ఆందోళన ఆరు రెట్లు ఎక్కువని లెక్క. బాధలో ఉన్నవాళ్లే పనిగట్టుకుని ఫామ్ నింపి ఉండొచ్చు కదా అని సందేహం రావడం న్యాయమే. మిగతావాళ్లకి సబ్మిషన్ డేట్ దగ్గరపడి ఉంటుంది.

థీసిస్‌లో నాకు ముచ్చటైన భాగం చివరి అధ్యాయం, ‘సూచనలు’. హాస్టల్ పిల్లల్లో ఒత్తిడి ఎక్కువని నాలుగో అధ్యాయంలో తేలుతుంది. ఎందుకో హాస్టల్‌కి వెళ్తే తెలుస్తుంది: పొద్దున ఏడు దాటితే నీళ్లు రావు, గదికి ఆరుగురు, సాంబార్లో ములక్కాడ ఆనవాలు మాత్రమే. అయిదో అధ్యాయంలో సూచన ఏమిటంటే యోగా, ధ్యానం, టైమ్ మేనేజ్‌మెంట్. మోటారు బాగుచేయించండి అని రాసిన థీసిస్ ఒక్కటి చూపించండి, నా మెమెంటో మీకిచ్చేస్తాను. మోటారుకి సైటేషన్ ఎక్కడి నుంచి తెస్తాం?

దేశం మొత్తం లెక్క కావాలంటే నిమ్‌హాన్స్ వాళ్ల జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఉంది, 2015-16 నాటిది. తెగ కష్టపడి ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే. ఆందోళన, కుంగుబాటు లాంటి సాధారణ రుగ్మతలున్న నూటికి దాదాపు ఎనభై అయిదు మందికి ఏ వైద్యమూ అందడం లేదని చెప్పింది. సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. ఆ పన్నెండులో ఆంధ్రప్రదేశూ లేదు, తెలంగాణా లేదు. మనల్ని అడగలేదు కనుక మనం బాగానే ఉన్నాం.

అడిగిన చోటు లేకపోలేదు. అసలు నా కడుపుమంటంతా అందుకే. ఇదే పీహెచ్‌క్యూ-9ని అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికిచ్చారు. స్మార్ట్ మెంటల్ హెల్త్ అని ఆ ప్రాజెక్టు పేరు. ఆశా అక్క ట్యాబ్ పట్టుకుని గుమ్మంలో కూర్చుని అడుగుతుంది. మార్కులు ఎక్కువొచ్చిన మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. ఆ డాక్టరుకీ ముందే శిక్షణ ఇచ్చి ఉంచారు. వెళ్లారా, మందు వేసుకుంటున్నారా అని అక్క మళ్లీ గుమ్మంలోకి వస్తుంది. మొదట మానసిక వైద్య సేవ వాడుకున్నవాళ్లు 0.8 శాతం. తర్వాత 12.6 శాతం. ప్రశ్నలు అవే, మార్కులూ అవే. గుమ్మం దిగిన అక్క తిరిగి వచ్చింది, అంతే తేడా. ఆ ఊళ్లలో శాలువాలు ఎన్ని కప్పారో గానీ ఫలితాలు పెద్ద జర్నల్లోనే వచ్చాయి. మన సెమినార్ హాల్లో ఆ పేపరు పేరెత్తితే, ‘అది పబ్లిక్ హెల్త్ వాళ్ల పని, మనది సైకాలజీ’ అంటారు.

చట్టం మాత్రం కదిలింది. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన ఓ బెంగాలీ విద్యార్థిని మరణం మీద ఆమె తండ్రి వేసిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందీ, ఆపైనా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలంది. వీలైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టొద్దంది. ఆ ఉత్తర్వు కాపీ ఓ కాలేజీలో ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికి చేరింది. ఆయన దాన్ని సానుకూల దృక్పథంతో చదివారు. కొత్త పోస్టు అంటే జీతం. ఉన్నవాళ్లలో నవ్వు మొహం ఎవరిదని స్టాఫ్ మీటింగ్‌లో వాకబు చేశారు. కామర్స్ లెక్చరర్ గారు అప్పుడే ఆవులించారు, ఆయన్ని ఖాయం చేశారు.

ఇప్పుడు స్టోర్‌రూమ్ పక్కన గదికి ‘వెల్‌నెస్ సెల్’ అని బోర్డు పడింది. మంగళవారం మూడు నుంచి నాలుగు. బల్ల మీద ప్లాస్టిక్ పూలు, సొరుగులో పీహెచ్‌క్యూ-8 కాగితాలు. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు చూపించడానికి రిజిస్టరు ఒకటి, అందులో సంతకాలు కావాలి. మొన్న లెక్చరర్ గారు కారిడార్లో ఫైనలియర్ కుర్రాణ్ని ఆపారు.

‘ఏరా, డల్‌గా కనిపిస్తున్నావ్. ఏదైనా ప్రాబ్లమ్ ఉంటే వచ్చి ఫ్రీగా చెప్పుకో.’

‘తప్పకుండా వస్తాను సార్,’ అన్నాడు వాడు, ‘మీరు ఇంటర్నల్స్ మార్కులు వేసేశాక.’