ఆపే మనిషేడీ?

మా రోజుల్లో షూటింగంటే బరువు. కార్బన్ కడ్డీలతో మండే ఆర్క్ లైటును వ్యాన్‌లోంచి దించాలంటే నలుగురు పట్టాలి. కడ్డీలు అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతూ దాని పక్కనే ఒకడు నిలబడాలి. ట్రాలీ తోసేవాడు, ఫోకస్ లాగేవాడు, జనరేటర్ దగ్గర కూర్చునేవాడు వేరే. ఆ బరువు వల్ల మేం మెల్లిగా కదిలేవాళ్లం. మెల్లిగా కదిలేవాడికి చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది. ఇప్పటి పిల్లలు కెమెరాను కాలేజీ బ్యాగులో వేసుకొస్తున్నారు. నలుగురు కలిస్తే సినిమా మొదలు. సామాను తేలికైంది, సరే. మేడ ఎత్తు తగ్గిందా? కరెంటు మెత్తబడిందా?

మద్రాసు వదిలి వచ్చాక హైదరాబాద్‌లో లైట్లు అద్దెకిస్తున్నాను. షార్ట్‌ఫిల్మ్‌లు తీసే విద్యార్థులు వారంవారం వస్తుంటారు. తెలివైనవాళ్లు. లెన్సుల గురించి మేం ఏళ్ల తరబడి పడిగాపులు కాసి నేర్చుకున్నది వాళ్లకు మొదటి ఏడాదే తెలుసు. నా బాధల్లా, ఆ జట్టులో వద్దని చెప్పేవాడు లేకపోవడం. డైరెక్టరూ స్నేహితుడే, కెమెరా పట్టిందీ స్నేహితుడే, నటించేదీ పక్క బెంచీవాడే. పిట్టగోడ మీద నడవరా అంటే నడుస్తాడు. నడవనంటే పిరికివాడంటారని భయం. మా యూనిట్‌లో చీఫ్ లైట్‌మ్యాన్ ‘ఈ వానలో ఆ లైటు వెలిగించను’ అన్నాడంటే ఇక అంతే. ఎంత పేరున్న డైరెక్టరైనా వాన వెలిసేదాకా కూర్చోవలసిందే. ఆ లైట్‌మ్యాన్ బడి మొహం చూడలేదు. కానీ ఆయన మాటను దాటి స్విచ్చు మీద చెయ్యి వేసేవాడు లేడు.

కరెంటు సంగతే తీసుకోండి. 2000 వాట్ల లైటు 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఫ్యాన్ స్విచ్చు పక్కనుండే చిన్న ప్లగ్గు 5, 6 ఆంపియర్లకు మించి మోయలేదు. ప్లగ్ టాప్ పట్టకపోతే వైరు కొసలు గీకి, సాకెట్‌లో దూర్చి, అగ్గిపుల్లలు బిగిస్తారు. ఎర్త్ మాటే ఉండదు. మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టి, ఫ్రేములో పడకూడదని పైన దుప్పటి కప్పుతారు. లోడు మీద ఉన్న కేబుల్ చుట్టలో కాగిపోతుంది. పొగ వచ్చేదాకా ఎవరికీ తెలియదు. కేబుల్ మొత్తం విప్పి పరవమని మాకు మొదటి రోజే చెప్పేవారు. ఎల్‌ఈడీలు వచ్చాక వేడి తగ్గింది, నిజమే. ఆ అలవాటుతోనే చవకగా దొరికిన పాత హాలోజెన్ లైటును కర్టెన్‌కు జానెడు దూరంలో పెడుతున్నారు. స్టాండు కాళ్ల మీద ఇసక మూట ఉండదు. గాలి కొడితే అది పడేది కింద కూర్చుని డైలాగు చదువుకుంటున్న అమ్మాయి మీద.

కెమెరా బిగించిన గింబల్ పట్టుకుని వెనక్కి నడిచేవాడి చూపంతా స్క్రీన్ మీదే. వాడి నడుం పట్టుకుని నడిపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు. మేడ మీద మెట్లున్న చోట, బురద గట్టు మీద, ఎక్కడైనా ఇంతే.

రైలు పట్టాల మీద సీను తీస్తామనే జట్టుకు నేను లైట్లు ఇవ్వను. అనుమతి లేకుండా పట్టాలెక్కితే రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు పడొచ్చు. జైలు తర్వాత సంగతి. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో, రైల్వే కంపెనీ కుదరదన్నా వినకుండా ఒక యూనిట్ రైలు వంతెన మీద మంచం వేసి షూటింగ్ పెట్టింది. రైలు వచ్చింది. సారా జోన్స్ అనే 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ చనిపోయింది. దర్శకుడు జైలుకు వెళ్లాడు. అక్కడున్నవాళ్లు అనుభవం లేనివాళ్లేం కాదు. వెళ్లొద్దని గట్టిగా అడ్డం నిలబడినవాళ్లు లేరు.

అలాగని మా రోజులు బంగారమని అనను. ఫ్లోరులో పైకప్పు కింద పలకల మీద మావాళ్లు బెల్టు లేకుండా, ఒట్టి కాళ్లతో తిరిగేవారు. 1980 నవంబర్ 16న మద్రాసు దగ్గర షోలవరంలో మలయాళ హీరో జయన్ హెలికాప్టర్‌కు వేలాడే సీను తానే చేస్తూ పోయాడు. ఓకే అయిన షాట్‌నే మళ్లీ చేస్తానని పట్టుబట్టాడంటారు. 1989 ఫిబ్రవరి 8న మైసూరులో టిప్పు సుల్తాన్ సీరియల్ సెట్టు అంటుకుని 60 మందికి పైగా కాలిపోయారు. ఆ వార్త విన్నాక మా ఫ్లోరులో నీళ్ల బకెట్లు, ఇసక బకెట్లు బయటపడ్డాయి. అంతకు ముందు అవి ఏ మూల ఉండేవో!

ఇప్పుడు కాలేజీలు రిస్క్ ఫారం నింపమంటున్నాయి. మంచి పని, మాకు అదీ లేదు. కానీ ఆ మధ్య ఒక జట్టు చూపించిన ఫారంలో ‘సముద్ర తీరం, అలల ప్రమాదం’ అని ఉంది. వాళ్లు తీసేదేమో పాతబస్తీలో మేడ మీద. నిరుటి బ్యాచ్ కాగితానికే పేర్లు మార్చారు. దగ్గరి ఆసుపత్రి ఏదంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. బొమ్మ తుపాకీ తీసుకెళుతున్నారు, పోలీస్ స్టేషన్‌లో చెప్పారా అంటే అది ప్లాస్టిక్ కదా అంకుల్ అన్నారు. దూరం నుంచి చూసి హడలిపోయి 100కు ఫోన్ చేసే ముసలమ్మకు అది ప్లాస్టిక్కో ఇనుమో ఎలా తెలుస్తుంది?

నిద్ర సంగతి ఏ ఫారంలోనూ నాకు కనబడలేదు. కెమెరా అద్దె రోజు లెక్కన కాబట్టి ఆ రోజును 20 గంటలు సాగదీస్తారు. తెల్లారుజామున బైక్ మీద ఇద్దరు, మధ్యలో ట్రైపాడ్. మా కాలంలో కాల్‌షీటు దాటితే యూనియన్ మనిషి వచ్చి గడియారం చూపించేవాడు, మేం నిర్మాత తరఫున విసుక్కునేవాళ్లం. 1997లో హాలీవుడ్‌లో బ్రెంట్ హెర్ష్‌మన్ అనే కెమెరా అసిస్టెంట్ 19 గంటల పని ముగించి కారులో ఇంటికి వెళుతూ నిద్రమత్తులో ప్రాణం పోగొట్టుకున్నాడు. అంత డబ్బున్న చోటే అలా జరిగితే, పాకెట్ మనీతో సినిమా తీసేవాళ్ల గతేమిటి?

అందుకే నా లైట్లు కావాలంటే ఒక షరతు పెట్టాను. కెమెరాకు, డైరెక్షన్‌కు, నటనకు సంబంధం లేని ఒకరు కొట్టుకు రావాలి. కరెంటు బోర్డు చూడటం, కేబుల్ పరవడం నేనే నేర్పుతాను. ‘ఆపండి’ అని ఆ అబ్బాయో అమ్మాయో అంటే కారణం అడక్కుండా ఆపుతామని డైరెక్టరు నా ముందు ఒప్పుకోవాలి. కొందరు ఈ ముసలాయనతో పడలేమని పక్క కొట్టుకు వెళ్లిపోయారు. పోతే పోనీ. ఒప్పుకున్న వాళ్లకు సగం అద్దెకే ఇస్తున్నాను.